అదును, పదును, కార్తె: వానల వేళ - అల్పకాలిక మొక్కల వ్యాప్తి
(నారాయణఖేడ్ ప్రాంత సిర్గాపూర్ మెట్టసాగు నేపథ్యంలో ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం:

మెట్టభూముల్లో వానతోపాటు పుట్టి, కొద్ది వారాల్లోనే విత్తనంగా మారి కనుమరుగయ్యే మొక్కలను ఈ వ్యాసంలో ‘అల్పకాలిక మొక్కలు’ అని వ్యవహరించడం జరిగింది. ఏ ఏడాది ఏ మొక్క విరివిగా కనిపిస్తుంది, ఏ నేలలో కనిపిస్తుంది అన్న విషయాలను సంవత్సర వర్షపాతం మొత్తం కంటే వాన కురిసిన వేళ ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఎడారి మొక్కలపై జరిగిన పరిశోధనలు ఈ విషయాన్ని స్పష్టం చేశాయి. తెలుగు రైతు వాడే ‘అదును’, ‘పదును’, ‘కార్తె’ అనే మాటలు ఇదే జ్ఞానాన్ని క్లుప్తంగా చెప్తున్నాయి. సంగారెడ్డి జిల్లా సిర్గాపూర్ పరిసరాలలోని మెట్టసాగు నేపథ్యంగా ఈ రెండింటి సంబంధాన్ని వివరించడం, మొక్కల పేర్లను సేకరించే తెలుగు పరిశోధకులు ‘వేళ’ను కూడా ఎందుకు నమోదు చేయాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కార్తె, అదును, పదును, అల్పకాలిక మొక్కలు, విత్తననిధి, గునుగు, సాగుచేయని ఆకుకూరలు, సిర్గాపూర్.

1. ప్రవేశిక:

వానను వాతావరణశాఖ మిల్లీమీటర్లలో లెక్కిస్తుంది. మెట్టరైతు కార్తెలలో లెక్కిస్తాడు. మొదటి లెక్క ఎంత కురిసిందో చెప్తుంది. రెండవది ఎప్పుడు కురిసిందో గుర్తుపెట్టుకుంటుంది. ఒక ప్రాంతపు పచ్చదనాన్ని అర్థం చేసుకోవాలంటే రెండు లెక్కలూ కావాలి. అయితే కొద్ది కాలమే బతికే మొక్కల విషయంలో రెండవ లెక్కకే ప్రాధాన్యం ఎక్కువ.

సిర్గాపూర్ సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ రెవెన్యూ డివిజనులోని మండలకేంద్రం. 2016 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో ఉండేది. నల్లవాగు ప్రాజెక్టు కింద కొంత భూమికి నీరు అందుతున్నా, ఈ ప్రాంతంలో చాలా భాగం వానమీద ఆధారపడిన సాగే. వానకాలంలో పెసర, మినుము, కంది, పత్తి, సోయా, యాసంగిలో శనగ, జొన్న, కుసుమ వంటి పంటలు ఇక్కడి మెట్టభూములకు పరిచితమైనవి. నైరుతి ఋతుపవనాలే ఈ సాగుకు ఆధారం. ఏడాది వానలో మూడొంతుల కంటే ఎక్కువ జూన్ - సెప్టెంబరు నెలల మధ్యనే కురుస్తుంది.

సిర్గాపూర్ ఎడారి కాదు. కానీ వేరు కొద్ది అంగుళాలు మాత్రమే దిగే చిన్నమొక్కకు, చలికాలం చివరి నుంచి ఎండాకాలం దాకా పై పొరలోని మట్టి ఎడారితో సమానమే. వానకాలంలో సైతం రెండు వానల మధ్య పది పదిహేను రోజుల ఎడం వస్తే, ఆ పై పొర మళ్ళీ ఎండిపోతుంది. కాబట్టి ఎడారి మొక్కలు నేర్చుకున్న ఉపాయాలే మెట్టచేలోని కలుపుమొక్కలకూ అవసరమయ్యాయి. అందుకే ఎడారి పరిశోధనలు మన చెలకలను అర్థం చేసుకోవడానికి తోడ్పడతాయి.

2. అల్పకాలిక మొక్క - స్వభావం:

కరువును ఎదుర్కోవడంలో మొక్కలది ప్రధానంగా రెండు దారులు. తంగేడు వంటి బహువార్షిక పొద లోతైన వేళ్ళతో, నీటిని పొదుపు చేసే ఆకులతో ఎండను తట్టుకొని నిలబడుతుంది. గునుగు, తుమ్మి, పల్లేరు, గంగవాయిలి, చెంచలి, తంటెం వంటివి మాత్రం ఎండకు ఎదురు నిలవవు. తడి ఉన్నంతలోనే మొలిచి, పెరిగి, పూసి, విత్తనాన్ని నేలకు అప్పగించి వెళ్ళిపోతాయి. ఎండాకాలాన్ని అవి విత్తనరూపంలో దాటుతాయి.

ఈ కారణంగా అల్పకాలిక మొక్కల అసలు జనాభా మన కంటికి కనబడేది కాదు. మట్టిలో నిద్రిస్తున్న విత్తనాల సముదాయమే వాటి అసలు జనాభా. దీన్ని ‘విత్తననిధి’ అనవచ్చు. ఒక ఏడాది చేనులో గునుగు కనిపించకపోతే గునుగు నశించిందని అర్థం కాదు. దానికి కావలసిన వేళలో వాన రాలేదని కావచ్చు. మొక్కల వ్యాప్తిని చర్చించేటప్పుడు ‘లేకపోవడం’, ‘మొలవకపోవడం’ అనే రెండింటినీ వేరుచేసి చూడాలి.

3. ఎడారి చెప్పిన పాఠాలు:

ఈ విషయంలో ప్రయోగపూర్వకంగా తొలి స్పష్టత ఇచ్చినవారిలో ఫ్రిట్స్ వెంట్ ముఖ్యులు. ఆయన 1940లలో కాలిఫోర్నియా ఎడారి మొక్కలను పరిశీలించారు. 1949లో పసడీనాలో ప్రారంభమైన ఎర్‌హార్ట్ ప్రయోగశాలలో ఎడారి మట్టిని ఉంచి, కృత్రిమంగా వాన కురిపించారు. ఒకే మట్టికి వెచ్చని వాతావరణంలో నీరిస్తే వేసవి మొక్కలు మొలిచాయి. చల్లని వాతావరణంలో నీరిస్తే చలికాలపు మొక్కలు మొలిచాయి. రెండు రకాల విత్తనాలూ ఆ మట్టిలోనే ఉన్నా, నీరు అందినప్పటి వేడిమి వాటిలో కొన్నిటినే లేపింది.

మరొక విషయం కూడా ఆయన ప్రయోగాల్లో తేలింది. చాలా ఎడారి విత్తనాలకు అర అంగుళం వాన కూడా లేనిదే మొలక రాదు. ఒకటి రెండు అంగుళాలైతే మరీ మంచిది. అదే నీటిని కిందినుంచి మట్టికి అందిస్తే, మట్టి తడిసినా చాలా విత్తనాలు మొలకెత్తలేదు. విత్తనపు పైపొరలో ఉండే నిరోధక పదార్థాలను పైనుంచి పడి కిందికి ఇంకే నీరే కడిగివేయగలదు. అంటే ఆ విత్తనం తడిని గుర్తించడంతో ఆగడం లేదు, కురిసినది నమ్మదగిన వానా, కంటితుడుపు చినుకా అని తేల్చుకుంటోంది.

1966లో డాన్ కోహెన్ ఇదే సమస్యను గణితపరంగా పరిశీలించారు. వాన నమ్మకం లేని చోట ఒక మొక్క తన విత్తనాలన్నిటినీ ఒకే ఏడాది మొలిపిస్తే, ఒక్క చెడ్డ ఏడాదితో దాని వంశం అంతరిస్తుంది. అసలు మొలిపించకపోతే మంచి ఏడాది చేజారుతుంది. మట్టిలో విత్తనాలు పెద్దగా చెడిపోని పరిస్థితిలో, మంచి ఏడాది వచ్చే అవకాశం ఎంతో, ఏటా మొలకెత్తవలసిన వాటా కూడా సుమారు అంతే ఉండాలని ఆయన సూత్రం సూచిస్తుంది. రైతు విత్తనాలన్నీ ఒకే వానకు చల్లకుండా కొంత మిగుల్చుకోవడం వంటిదే ఇది.

అరిజోనాలోని టూసాన్ నగరం దగ్గర 1903లో నెలకొన్న ఎడారి ప్రయోగశాల పరిసరాల్లో, లారెన్స్ వెనబుల్, ఆయన సహచరులు 1980ల నుంచి ఏటా చలికాలపు మొక్కలను లెక్కిస్తూ వచ్చారు. 2010లో ఈ బృందం ప్రకటించిన ఫలితం గమనించదగినది. ఆ ప్రాంతం మొత్తంమీద వేడెక్కుతోంది. అయినా చలిని తట్టుకొనే మొక్కల వాటా పెరిగింది. మొలకలను లేపే చలికాలపు వానలు ఆలస్యమై, మొలకెత్తే సమయం అక్టోబరు నుంచి డిసెంబరు వైపు జరగడమే ఇందుకు కారణం. వాతావరణం వేడెక్కినా మొలకకు మాత్రం చలి ఎదురైంది. వాన వేళ మారితే ఫలితం ఊహకు విరుద్ధంగా ఉండవచ్చునని ఈ ఉదాహరణ తెలియజేస్తుంది.

4. అదును - పదును:

పై పరిశోధనలన్నీ రెండు అంశాల చుట్టూ తిరిగాయి. మొదటిది మట్టిలో చాలినంత తడి. రెండవది ఆ తడి అందినప్పటి కాలం, అంటే వేడిమి, పగటి నిడివి. తెలుగు రైతు భాషలో ఈ రెండింటికీ జంటగా మాటలున్నాయి. దుక్కికీ విత్తుకూ అనువైన తడి ‘పదును’. పనికి తగిన కాలం ‘అదును’. పదును లేకుండా అదును వచ్చినా, అదును తప్పాక పదును దొరికినా విత్తు ఫలించదని రైతుకు తెలుసు. ఈ జంటపదం మనిషి విత్తే విత్తుకు ఎంత వర్తిస్తుందో, మనిషి విత్తని విత్తుకూ అంతే వర్తిస్తుంది. వెంట్ ప్రయోగంలో ఒకే మట్టికి ఒకే పదును లభించింది. అదును మారింది, మొక్క మారింది.

అదును కొలమానమే కార్తె. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రభాగంలో గడిపే పదమూడు, పద్నాలుగు రోజుల కాలం ఇది. చాంద్రమాన తిథులు ఇంగ్లీషు తేదీలతో పోలిస్తే ఏటా అటూయిటూ జరుగుతాయి. కార్తె మాత్రం సూర్యగమనంపై ఆధారపడినది కనుక ఇంచుమించు అవే తేదీలకు వస్తుంది. మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. పగటి నిడివి, వేడిమి కూడా సూర్యగమనాన్నే అనుసరిస్తాయి. కాబట్టి ‘ఫలానా కార్తెలో పడిన వాన’ అన్నప్పుడు ఆ వానతోపాటు విత్తనానికి అందిన వేడిమి, ముందున్న పగటి నిడివి కూడా సూచితమవుతున్నాయి. మొక్కల అధ్యయనానికి నెలల పేర్ల కంటే ఇది సూక్ష్మమైన కొలమానం.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనీ, మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందనీ, చిత్త చినుకు తన చిత్తం వచ్చిన చోట పడుతుందనీ చెప్పే సామెతలను జానపద విజ్ఞానంలో సాధారణంగా వర్షసూచనలుగా వర్గీకరిస్తుంటాం. వీటిని మరో కోణంలోనూ చూడవచ్చు. మొదటి సామెత నేల వేడిని, రెండవది నమ్మదగిన తొలి తడిని, మూడవది వాన చోటుచోటుకూ మారే తీరును చెప్తున్నాయి. అల్పకాలిక మొక్కల వ్యాప్తిని శాసించే మూడు కారణాలు ఇవే.

5. కార్తెల వరుసలో మొక్కలు:

5.1 భరణి, కృత్తిక, రోహిణి: ఏప్రిల్ చివర నుంచి జూన్ తొలివారం దాకా అడపాదడపా ఉరుములతో పడే వానల కాలమిది. మే నెలలో పగటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. వాన పడినా పై పొర రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది. తొందరపడి మొలిచిన మొలక మాడిపోతుంది. ఇక్కడే గట్టి పెంకు గల విత్తనాలకు మేలు. తంటెం గింజ పెంకు నీటిని లోపలికి రానివ్వదు. ఎండకూ తడికీ, మట్టి ఒరిపిడికీ ఆ పెంకు మెత్తబడాలి. ఒక్కొక్క గింజకు ఇది ఒక్కొక్క కాలంలో జరుగుతుంది కనుక, ఒక చినుకుకు మోసపోయేవి కొన్నే.

5.2 మృగశిర, ఆరుద్ర: వానకాలపు మొక్కల ప్రధాన అంకురణకాలం ఇది. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, పదును నిలబడుతుంది. గంగవాయిలి వంటి సన్నని గింజలకు వేడిమితోపాటు వెలుతురూ కావాలి. దుక్కి దున్నినప్పుడు లోపలి గింజలు పైకి వచ్చి వెలుతురును చూస్తాయి. నాగలి ఒక తరం మొలకలను చంపుతూనే మరొక తరాన్ని మేల్కొలుపుతుందన్నమాట. తంటెం, చెంచలి, గంగవాయిలి లేత ఆకులు కూరకు పనికివచ్చే రోజులు ఇక్కడినుంచే మొదలవుతాయి.

5.3 పునర్వసు నుంచి మఖ దాకా: జూలై, ఆగస్టు నెలల్లో గుంటుక తోలడం, కలుపు తీయడం సాగుతుంటాయి. మృగశిరకు మొలిచిన తరం చాలావరకు పోతుంది. ఆ తర్వాతి వానకు మొలిచినది మిగులుతుంది. వానల మధ్య ఎడం వస్తే గంగవాయిలి దళసరి కాండంలోని నీటితో నిలదొక్కుకుంటుంది. నీటి కొరతలో తన కిరణజన్యసంయోగక్రియ విధానాన్ని మార్చుకొనే సామర్థ్యం దీనికి ఉంది. పల్లేరు వేడిలోనూ సమర్థంగా పెరిగే మొక్క. పల్లేరుకాయ విడిపోయిన ఒక్కొక్క ముక్కలో ఒకటి కంటే ఎక్కువ గింజలుంటాయి. అవన్నీ ఒకేసారి మొలవవు. ఒకటి ఈ వానకు, మరొకటి రాబోయే వానకు. కోహెన్ సూత్రం కాలికి గుచ్చుకొనే రూపంలో మన బాటమీదే ఉంది.

5.4 పుబ్బ, ఉత్తర, హస్త: ఆగస్టు చివరి నుంచి అక్టోబరు తొలివారం దాకా తుమ్మి, గునుగు పూతకు వస్తాయి. తెలంగాణలో వినాయకచవితినాడు తుమ్మికూర తినడం, బతుకమ్మకు గునుగుపూలు పేర్చడం ఈ కాలపు పచ్చదనానికి సాంస్కృతిక సాక్ష్యాలు.

5.5 చిత్త, స్వాతి, విశాఖ: ఇవి వానకాలపు మొక్కలకు ముగింపు. చలి మొదలవుతుంది. ఈ వేళ కురిసిన వాన ఎంత పెద్దదైనా మృగశిరకు మొలిచే మొక్కలన్నిటినీ తిరిగి లేపదు. రేగడిలో శనగ, జొన్న చేలకు ఆ తడి ఉపయోగపడుతుంది. పప్పుకూర వంటి చలిని ఇష్టపడే మొక్కలకు అదను దొరుకుతుంది. ఒకే చేను, ఒకే విత్తననిధి, రెండు వేర్వేరు వృక్షసముదాయాలు!

6. నేల - వేళను మార్చే మధ్యవర్తి:

ఒకే రోజు ఒకే వాన కురిసినా చెలకకూ రేగడికీ పదును ఒకేసారి రాదు. ఎర్రమట్టి చెలక తక్కువ వానకే తడుస్తుంది, త్వరగా ఆరుతుంది. నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. తొలివాన నీరు ఆ నెర్రెల్లోకి దిగిపోతుంది, పై పొర తడవడానికి మరికొంత వాన కావాలి. ఒకసారి తడిస్తే మాత్రం చాలా రోజులు తడిని పట్టి ఉంచుతుంది. అందువల్ల మృగశిరలో చిన్నవాన పడితే చెలకలో మొలకలు కనిపించి రేగడి బోసిగా ఉండవచ్చు. వానలు చిత్తదాకా సాగితే రేగడిలో పచ్చదనం చెలక ఎండాక కూడా మిగులుతుంది. గట్లమీద నాగలి పోదు కనుక తొలి తరం మొక్కలే పూతదాకా బతుకుతాయి. తొక్కిడి పడే బాటల్లో నేలకు అంటుకొని పాకే పల్లేరు నిలుస్తుంది. ఈ విధంగా వాన వేళ ఒకటే అయినా నేల దాన్ని పలు వేళలుగా విడదీస్తోంది. చోటును బట్టి మొక్క మారడానికి ఇది ప్రధాన కారణం.

7. గునుగు - ఒక ప్రత్యేక ఉదాహరణ:

గునుగు శాస్త్రీయనామం సెలోసియా అర్జెంటియా. ఇది పగటి నిడివి తగ్గుతున్నకొద్దీ పూతను త్వరపరచుకొనే మొక్క. అంటే దీని జీవితంలో రెండు గడియారాలున్నాయి. మొలకను వాన నిర్ణయిస్తుంది, పూతను సూర్యుడు ప్రభావితం చేస్తాడు. మృగశిరలో మొలిచిన గునుగుకు పూతకు ముందు పెరగడానికి దాదాపు మూడు నెలలు దొరుకుతాయి. అది ఎత్తుగా, కొమ్మలతో పెరుగుతుంది. పుష్యమి దాటాక మొలిచినదానికి అంత వ్యవధి లేదు. అది పొట్టిగా ఉండగానే పూతకు వస్తుంది. పూలు తక్కువ, వచ్చే ఏటికి రాలే విత్తనమూ తక్కువ.

2014లో రాష్ట్ర పండుగగా ప్రకటితమైన బతుకమ్మ భాద్రపద అమావాస్యనాడు మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. చాంద్రమానాన్ని అనుసరించే పండుగ సెప్టెంబరు మధ్యనుంచి అక్టోబరు మధ్యదాకా ఎప్పుడైనా మొదలుకావచ్చు. బతుకమ్మ పళ్ళెంలో గునుగు పక్కన తంగేడు ఉంటుంది. తంగేడు ఏళ్ళతరబడి బతికే పొద, ఒక్క కార్తె వాన తప్పినా తట్టుకోగలదు. గునుగు ప్రతి ఏడూ గింజనుంచి మొదలుకావాలి. కరువును దాటే రెండు దారులూ ఒకే పళ్ళెంలో పక్కపక్కన ఉన్నాయి. బతుకమ్మ పూలను గురించి రాసేటప్పుడు వర్ణం, ఔషధగుణం, ప్రతీకలతోపాటు ఈ జీవనభేదాన్నీ చర్చించవలసి ఉంది.

8. మొత్తం లెక్క దాచిపెట్టేది:

2023 ఇందుకు మంచి ఉదాహరణ. ఆ ఏడాది ఋతుపవనాలు సాధారణ తేదీయైన జూన్ 1కి బదులు జూన్ 8న కేరళను తాకాయి. తెలంగాణలోకి జూన్ మూడవ వారం దాటాక ప్రవేశించాయి. మృగశిర కార్తె దాదాపు అంతా ఋతుపవనం లేకుండానే గడిచింది. జూలైలో భారీవానలు కురిశాయి. దేశం మొత్తంమీద ఆగస్టు వర్షపాతం సాధారణం కంటే 36 శాతం తగ్గి, 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టుగా నమోదైంది. సెప్టెంబరులో మళ్ళీ వానలు పుంజుకున్నాయి. నాలుగు నెలల దేశవ్యాప్త మొత్తం సాధారణంలో 94 శాతం.

ఈ 94 అనే అంకె చూస్తే పెద్ద లోటు కనిపించదు. కానీ మొలక దృష్టితో చూస్తే అదునులో పదును రాలేదు, వచ్చిన పదును ఆగస్టులో నిలవలేదు. అల్పకాలిక మొక్కల వ్యాప్తిని సంవత్సర వర్షపాతంతో ముడిపెట్టే అధ్యయనం ఈ తేడాను పట్టుకోలేదు. కార్తెలవారీ వర్షపాతం, రెండు వానల మధ్య ఎడం నమోదైతేనే అది సాధ్యం.

9. తెలుగు పరిశోధనకు దీనితో పని:

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం రైతు మాటలకు శాస్త్రగౌరవం కల్పించింది. ఆ దారిలో నేటికీ మొక్కల పేర్ల సేకరణ జరుగుతూనే ఉంది. అయితే ‘పేరు - శాస్త్రీయనామం - ఉపయోగం’ అనే మూడు గళ్ళతోనే చాలా పట్టికలు ముగుస్తున్నాయి. ఏ కార్తె వానకు మొలుస్తుంది, ఎన్నాళ్ళు లేతగా ఉంటుంది, చెలకలోనా రేగడిలోనా, గట్టుమీదనా అనే గళ్ళు ఉండటం లేదు.

సిర్గాపూర్ ప్రాంతంలో ఈ గళ్ళ అవసరం మరింత ఎక్కువ. ఇది కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు చేరువైన ప్రాంతం. తెలుగుతోపాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ భాషలు వినిపించే చోటు. ఒకే మొక్కకు తండాలో ఒక పేరు, ఊరిలో ఒక పేరు ఉండవచ్చు. వేర్వేరు మొక్కలకు ఒకే పేరు ఉండవచ్చు. మొలిచే కార్తె, నేల నమోదైతే ఆ చిక్కును విప్పడానికి అదొక ఆధారమవుతుంది.

మరొక కారణం ఆహారానికి సంబంధించినది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, మెట్టచేలలో విత్తకుండానే లభించే ఆకుకూరలకు దళిత, పేద మహిళల ఆహారంలో ఉన్న స్థానాన్ని వెలుగులోకి తెచ్చింది. భూమి యజమానికి కలుపు అయినది, కలుపు తీసే కూలితల్లికి ఆ పూట కూర. అది ఏ వానకు వస్తుందో, ఎన్ని రోజులు లేతగా దొరుకుతుందో ఆమెకు తెలుసు. కలుపుమందు వాడకం పెరిగినచోట ఆ మొక్కతోపాటు ఆ తెలివిడికీ పని లేకుండా పోతుంది. విత్తననిధి కొన్నేళ్ళు మట్టిలో వేచి ఉండగలదు. చెప్పేవారు పోయాక పదానికి అలాంటి నిధి లేదు.

10. ముగింపు:

• అల్పకాలిక మొక్కల వ్యాప్తిలో వాన మొత్తం కంటే, చాలినంత పదును ఏ అదునులో అందింది అన్నదే నిర్ణాయకం.
• విత్తననిధి కారణంగా ఒక ఏడాది కనబడకపోవడాన్ని నశించడంగా భావించరాదు. ఒకే చేనును పలు కార్తెలలో, పలు ఏళ్ళపాటు చూడాలి.
• కార్తె సూర్యగమనంపై ఆధారపడిన కొలమానం కనుక వేడిమిని, పగటి నిడివిని కూడా సూచిస్తుంది. క్షేత్రపర్యటన నమోదుల్లో తేదీతోపాటు కార్తెను కూడా చేర్చవచ్చు.
• చెలక, రేగడి, గట్టు, బాట అనే స్థానిక విభజన మొక్కల వ్యాప్తి వివరణకు ఉపయోగకరమైన వర్గీకరణ.
• పదసేకరణలో మొక్క పేరుతోపాటు మొలిచే కార్తె, నేల, కూరకు పనికివచ్చే దశ, చెప్పినవారి భాష నమోదు చేస్తే భాషాశాస్త్రానికీ, వృక్షశాస్త్రానికీ సమానంగా పనికివచ్చే సామగ్రి సమకూరుతుంది.

ఈ పనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక వర్షమాపకం, ఒక నోటుపుస్తకం, కలుపు తీసే మహిళల మాటలను శ్రద్ధగా వినే ఓపిక ఉంటే ఏ డిగ్రీ కళాశాల తెలుగు, వృక్షశాస్త్ర శాఖలైనా కలిసి వచ్చే మృగశిర నుంచే దీన్ని మొదలుపెట్టవచ్చు.